అది మొండితనం కాదు, చెప్పలేని మాట

బెల్లు మోగగానే చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరే పిల్లాడు ఒకడు. పక్కవాళ్ల పెన్సిళ్లు లాక్కుని విరిచే అమ్మాయి ఒకతె. లెక్కల పుస్తకం తీయమనగానే విసిరికొట్టే బాబు మరొకడు. ఆటిజం, మేధో వైకల్యం, వినికిడి లోపం ఉన్న ఇలాంటి పిల్లలు మన తెలుగు బడుల్లోనూ ఉన్నారు. బడి వాడుకలో వీళ్లందరికీ ఒకటే పేరు, ‘మొండి’. ఆ పేరు పడ్డాక తల్లిదండ్రులకు కబురు వెళ్తుంది. ఆ తర్వాత టీసీ మాట వస్తుంది. మన ప్రాంతాల్లో ఊరికొక తెలుగు బడి మిగిలి ఉంటేనే గొప్ప. అక్కడి నుంచి బయటికి వెళ్లిన బిడ్డకు మరో తెలుగు బడి దొరకడం కష్టం.

ముందు, అప్పుడు, తర్వాత

మాటతో చెప్పలేనిదాన్ని పిల్లలు చేతలతో చెబుతారు. కావలసింది అడగడానికి, కష్టమైన పని తప్పించుకోవడానికి, మన దృష్టి తమవైపు తిప్పుకోవడానికి, లేదా శబ్దం, వెలుతురు, గుంపు భరించలేక అలా చేస్తారు. ఏ కారణమో తెలుసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు. పేజీని మూడు గడులు చేసి, ముందు ఏం జరిగింది, అప్పుడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం అని రెండు వారాలు రాయాలి.

పుస్తకం విసిరే బాబునే తీసుకుందాం. విసిరిన ప్రతిసారీ అతన్ని వరండాలో నిలబెడుతున్నారనుకోండి. లెక్కలు తప్పాయి, కాబట్టి రేపు మళ్లీ విసురుతాడు. మన దృష్టిలో శిక్ష, వాడికి మాత్రం సెలవు. పది లెక్కలకు బదులు రెండే ఇచ్చి, అలసట వస్తే ‘ఆపండి’ అని చూపడానికి ఒక బొమ్మ కార్డు చేతికిస్తే, విసరాల్సిన అవసరం తగ్గుతుంది. కార్డు చూపిన వెంటనే రెండు నిమిషాలు ఆగాలి. ఆగకపోతే కార్డు పనిచేయదని వాడికి అర్థమై, మళ్లీ పుస్తకమే విసురుతాడు.

ప్రవర్తన హఠాత్తుగా మారితే మొదట ఆరోగ్యం చూడాలి. చెవిపోటు, పంటినొప్పి, నిద్రలేమి, తోటిపిల్లల వేధింపు, వీటిని చెప్పలేని బిడ్డ తలబాదుకోవచ్చు. అప్పుడు కట్టేయడం, కేకలేయడం కూడదు. మిగతా పిల్లలను దూరం జరిపి, దెబ్బ తగలకుండా అడ్డుపడి, తక్కువ మాటలతో పక్కన కూర్చోవాలి. వైద్యుడికి చూపించమని ఆరోజే ఇంటికి చెప్పాలి.

రెండు భాషల నడుమ

మన బడులకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో, తరగతిలో తెలుగు. ఆటస్థలంలో, భోజనం వడ్డించేచోట తమిళమో, కన్నడమో, ఒడియానో. ‘కూర్చో’ అన్న ఒక్క మాటే మూడు రకాలుగా వినిపిస్తే, మేధో వైకల్యం ఉన్న బిడ్డ తెల్లబోయి నిలబడతాడు. అది ఎదురుతిరగడం కాదు. కూర్చో, ఆగు, రా, నీళ్లు వంటి పది మాటలకు ఒకే తెలుగు పదం, ఒకే సైగ, ఒకే బొమ్మ పెట్టుకుని ఆయా దగ్గర నుంచి హెచ్‌ఎం దాకా అందరూ వాడాలి. ఇంట్లోనూ అవే వాడాలి.

‘మాట రావాలంటే తెలుగు మానేయండి’ అన్న సలహా కొందరు తల్లిదండ్రులకు ఎదురవుతుంటుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట మరింత ఆలస్యమవుతుందని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో తేలలేదు. అమ్మమ్మ మాట్లాడే భాషను బిడ్డకు దూరం చేయనక్కర్లేదు.

చట్టం ఏం చెబుతోంది

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతమాత్రాన మనకు మినహాయింపు దొరికిందనుకోకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలన్నీ వివక్ష లేకుండా ఈ పిల్లలను చేర్చుకోవాలి, వారి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలి. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలన్న రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ఈ పిల్లలకూ వర్తిస్తుంది.

ఇల్లూ బడీ కలిస్తేనే

సమగ్ర శిక్ష కింద బ్లాకు వనరుల కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. వారి మాట రాష్ట్రభాషలోనే ఉండొచ్చు. అందుకే తల్లిదండ్రులను ఒంటరిగా పంపకుండా, రెండు భాషలూ తెలిసిన ఉపాధ్యాయుడు వెంట వెళ్లాలి. నోటుపుస్తకం తీసుకెళ్లాలి. వారిచ్చిన సూచనలను తెలుగులో రాసి ఇంట్లో ఒకటి, తరగతిలో ఒకటి ఉంచాలి. తెలుగునాట ‘భవిత’ కేంద్రాల్లో పనిచేసే బంధువులో, మిత్రులో ఉంటే తెలుగు బొమ్మకార్డుల గురించి అడగవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డకున్న వైకల్యాన్ని, వాడే మందులను, మూర్ఛలు వస్తుంటే ఆ సంగతిని బడికి దాచకండి. బిడ్డ దేనికి భయపడతాడో, దేనికి శాంతిస్తాడో మీకు తెలిసినంత మాకు తెలియదు. మన ఉపాధ్యాయులకూ ఒక మాట. ఆ ఇంటికి ఫిర్యాదే కబురుగా వెళ్తుంటే తల్లి ఫోన్ ఎత్తడానికి భయపడుతుంది. వారానికొకసారైనా ‘ఈరోజు మీవాడు పది నిమిషాలు కుదురుగా కూర్చున్నాడమ్మా’ అని చెప్పండి. వచ్చే సోమవారం ఒక్క బిడ్డ కోసం మూడు గడుల పుస్తకం మొదలుపెడితే, దసరా సెలవులకు ముందే తేడా కనిపించవచ్చు.