అంబులెన్స్‌లో కెరీర్: బైపీసీ పిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవలసిన ఈఎంటీ ఉద్యోగం



రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మాయో అబ్బాయో "నేను అంబులెన్స్‌లో పనిచేస్తాను" అన్నారనుకోండి. చాలా ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న "డ్రైవర్‌గానా?" అని. రెండోది మనసులోనే ఉండిపోతుంది: "నీట్ మీద ఆశ వదిలేసుకున్నట్టున్నారు" అని. ఈ రెండింటికీ జవాబుగానే ఈ నెల కెరీర్ పేజీని ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అంటే ఈఎంటీ ఉద్యోగానికి కేటాయించాం.

నీట్ సంగతి ముందు చూద్దాం. 2024లో ఆ పరీక్షకు 24 లక్షల మందికి పైగా పేరు నమోదు చేసుకున్నారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు పైగా ఉన్నాయి. అంటే బైపీసీ చదివే పిల్లల్లో ఎక్కువమంది వేరే దారి వెతుక్కోక తప్పదు. ఆ దారులు ఏమిటో ఫలితాలు వచ్చిన వారంలో, ఇంట్లో అందరూ దిగులుగా ఉన్నప్పుడు చూడటం కంటే, తొమ్మిదో పదో తరగతిలో ఉన్నప్పుడే తీరిగ్గా చూడటం మంచిది. ఈఎంటీని ఎంబీబీఎస్ రానివారికి మిగిలిన ఉద్యోగంగా చూస్తే మాత్రం పొరపాటు. డాక్టర్ చేసే పని వేరు, ఈ పని వేరు. మంచి డాక్టర్ అయ్యే పిల్లలంతా మంచి ఈఎంటీలు అవుతారని చెప్పలేం.

వాహనం వెనుక జరిగేది

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్‌ఐ సంస్థ 108 సేవలను మొదలుపెట్టింది. అంతకు ముందు మనకు తెలిసిన అంబులెన్స్ చాలావరకు మనిషిని పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చే వ్యాను మాత్రమే. చికిత్స ఆసుపత్రి గేటు దాటాకే మొదలయ్యేది. 108తో వచ్చిన అసలు మార్పు ఆ మూడంకెల నంబరు కాదు, వాహనం వెనుక శిక్షణ పొందిన ఒక మనిషి ఉండటం. తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఇదే పద్ధతిని తెచ్చుకున్నాయి.

మామూలు 108 వాహనంలో ఇద్దరు ఉంటారు. నడిపేవారిని అక్కడ డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. రోగి పక్కన ఉండేది ఈఎంటీ. కాల్ సెంటర్‌లో ఫోన్ ఎత్తినవారు ఊరు, దారి గుర్తు, ఏమైందో అడిగి దగ్గర్లోని బండికి కేసు అప్పగిస్తారు. అక్కడ డాక్టర్లు కూడా ఉంటారు. దారిలో ఏ మందు ఇవ్వాలన్నా, అనుమానం వచ్చినా ఈఎంటీ వారికి ఫోన్ చేసి సలహా తీసుకుంటారు.

హైవే మీద బైక్ ప్రమాదమే తీసుకోండి. బండి దిగగానే ఈఎంటీ గాయపడిన మనిషి దగ్గరికి పరుగెత్తకూడదు. వెనక నుంచి లారీలు వస్తున్నాయా, కరెంటు తీగ ఏదైనా తెగిపడిందా, పెట్రోల్ కారుతోందా అని ముందు చూసుకోవాలి. తర్వాత ధారగా పోతున్న రక్తాన్ని ఆపాలి. ఆపైన శ్వాసమార్గం తెరిచి ఉందా, ఊపిరి ఎలా ఉంది, నాడి ఎలా ఉంది, పిలిస్తే పలుకుతున్నాడా అన్నవి వరుసగా చూడాలి. మెడ కదలకుండా పట్టుకుని స్ట్రెచర్ మీదకు మార్చాలి. చుట్టూ యాభై మంది గుమిగూడి "ముందు బండెక్కించండి సార్" అని అరుస్తూ ఉంటారు. ఆ అరుపులో ఈ వరుస తప్పకూడదు.

ఇంకో చిక్కు ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది. తలకు దెబ్బ తగిలిన మనిషిని సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్నచోటికి తీసుకెళ్లాలి. బంధువులేమో తమకు తెలిసిన నర్సింగ్ హోమ్ పేరు చెబుతారు. వారిని ఒప్పించడం కూడా ఉద్యోగంలో భాగమే. ఆసుపత్రికి చేరాక ఎన్ని గంటలకు ఏం చూశారు, ఏం ఇచ్చారు అన్నది కాగితం మీద రాసి డ్యూటీ డాక్టర్‌కు అప్పగించాలి.

ప్రమాదాలే ఎక్కువని అనుకుంటాం గానీ, 108కు వచ్చే కేసుల్లో పెద్ద వాటా గర్భిణులది. ఆసుపత్రికి చేరేలోపే నొప్పులు ఎక్కువైతే బండి రోడ్డు పక్కన ఆపి కాన్పు చేయాల్సి వస్తుంది. బిడ్డను పొడిగా తుడిచి తల్లి ఛాతీకి ఆనించి వెచ్చగా ఉంచాలి. తుడిచి, వీపు రుద్దినా ఊపిరి తీసుకోని బిడ్డకు వెంటనే మాస్క్, బ్యాగ్‌తో ఊపిరి అందించాలి. పల్లెల్లో పురుగుమందు తాగిన కేసులు వస్తాయి. బట్టల మీద ఒలికిన మందు చర్మం గుండా లోపలికి పోతూనే ఉంటుంది కాబట్టి వాటిని తీసేసి ఒళ్లు కడగాలి. వాంతి అవుతుందని ఉప్పునీళ్లు తాగిస్తున్న ఇంటివాళ్లను ఆపాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో బండి వెళ్లే దారే ఉండదు. అందుకే అక్కడ కొన్నిచోట్ల ఫీడర్ బైక్ అంబులెన్సులు పెట్టారు. అవి కూడా వెళ్లలేని చోట డోలీలో మోసుకొచ్చిన మనిషి కోసం బండి కింద ఎదురుచూస్తుంది.

ఎలాంటి పిల్లలకు నప్పుతుంది?

"మా వాడికి ధైర్యం ఎక్కువండీ" అని చాలామంది తల్లిదండ్రులు అంటారు. దీనికి కావలసింది ధైర్యం కంటే క్రమం. ల్యాబ్‌లో ప్రయోగం చేసేటప్పుడు ఒక మెట్టు వదిలేసి జవాబు రాసేసే పిల్లలు ఉంటారు. అలాంటివారు తెలివైనవారే కావచ్చు, ఈ పనిలో మాత్రం ఇబ్బంది పడతారు. వందో కేసులోనూ మొదటి కేసులో చూసినంత శ్రద్ధగా అదే వరుస చూడగలగాలి. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని కొందరు వెనకాడతారు. అది చాలామందిలో అలవాటుతో పోతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు.

మరో విషయం మన స్కూళ్ల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ఉద్యోగానికి మంచి తెలుగు కావాలి. పుస్తకాల తెలుగు కాదు, ఊళ్లో మాట్లాడే తెలుగు. రోగి ఎవరూ "నాకు కార్డియాక్ పెయిన్ వస్తోంది" అని చెప్పరు. "గుండెల మీద బండ పెట్టినట్టుంది" అంటారు, "ఛాతీ పట్టేసింది" అంటారు, "కళ్లు బైర్లు కమ్మాయి", "కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కాయి", "ఆయాసంగా ఉంది" అంటారు. "గ్యాస్ పట్టిందమ్మా, అంతే" అని ముసలాయన తేలిగ్గా తీసేసిన మాట వెనుక గుండెపోటు ఉండవచ్చు. ఆయనను పెద్దాయనా అని పిలిచి, పక్కన కూర్చుని, నొప్పి ఎడమ చేతిలోకి గానీ దవడలోకి గానీ పాకుతోందా, చెమటలు పట్టాయా అని రెండు నిమిషాల్లో రాబట్టాలి. సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్లి అక్కడి పెద్దవాళ్లతో కబుర్లు చెప్పగలిగే పిల్లలకు ఇది సహజంగా వస్తుంది. ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడమని మనం ఒత్తిడి చేసిన పిల్లలు దీన్ని కొత్తగా నేర్చుకోవాలి.

శరీరం సంగతి కూడా ఆలోచించాలి. లిఫ్ట్ లేని భవనం మూడో అంతస్తు నుంచి మనిషిని దించాలంటే నడుముకు బలం ఉండాలి, ఎత్తే పద్ధతి తెలియాలి. ఈ వృత్తిలో నడుము నొప్పి మామూలు. అమ్మాయిలు చేయగలరా అని అడిగేవారికి, చేస్తున్నారు అన్నదే జవాబు. కాన్పు కేసుల్లో వారు ఉంటే తల్లులకు ఎంతో ఊరట కూడా. రాత్రి డ్యూటీల్లో రక్షణ ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చేరబోయే సంస్థను నిస్సంకోచంగా అడగండి.

ఏ దారిలో చేరాలి?

ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ లాంటి డిగ్రీ ఒక దారి. చదువు, ఇంటర్న్‌షిప్ కలిపి సుమారు నాలుగేళ్లు. రెండో దారి, బీఎస్సీ లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, జీఎన్ఎం లాంటివి పూర్తిచేసినవారిని 108 నడిపే సంస్థలు నేరుగా తీసుకుని కొన్ని వారాల శిక్షణ ఇచ్చి బండెక్కించడం. మీ ఇంట్లో డిగ్రీ అయిపోయి, మెడికల్ రెప్‌గానో మరో పనిలోనో నచ్చక తిరుగుతున్న పాతికేళ్ల అన్నయ్యో అక్కయ్యో ఉంటే, కొత్తగా కెరీర్ మొదలుపెట్టడానికి ఇది అందుబాటులో ఉన్న తలుపు. మూడోది, హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ప్రమాణాలతో నడిచే ఈఎంటీ బేసిక్ లాంటి చిన్న కోర్సులు.

ఇప్పుడు స్కూల్లో ఉన్న పిల్లలకైతే డిగ్రీ దారినే మేం సూచిస్తాం. కారణం 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్‌ను అది గుర్తింపు ఉన్న వృత్తిగా తన జాబితాలో చేర్చింది. అనుబంధ వృత్తి నిపుణులుగా లెక్కలోకి రావాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలని చెప్పింది. రాష్ట్ర కౌన్సిళ్ల రిజిస్ట్రేషన్ కూడా అందులోనే ఉంది. ఆరు నెలల సర్టిఫికెట్ పట్టుకున్నవారికి ముందు ముందు అక్కడే చిక్కు వస్తుంది.

"పారామెడికల్, నూరు శాతం జాబ్ గ్యారంటీ" అని బస్టాండ్ గోడల మీద కనిపించే బోర్డుల జోలికి వెళ్లకండి. కాలేజీకి ఆరోగ్య విశ్వవిద్యాలయం గుర్తింపు గానీ, డిప్లొమా అయితే రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు గానీ ఉందో లేదో ముందు చూడండి. ఆ తర్వాత క్యాంపస్ చూపిస్తున్నవారిని ఒకే ప్రశ్న అడగండి: పిల్లలు ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో, ఏ అంబులెన్స్‌లో, ఎన్ని గంటలు పనిచేస్తారు? తడుముకుంటే అర్థమైపోతుంది. ప్రవేశం ఇంటర్ మార్కులతోనా, ఎంట్రన్స్‌తోనా అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడాలి. పక్కింటివారి అబ్బాయికి రెండేళ్ల కిందట జరిగినట్టే జరుగుతుందని అనుకోవద్దు.

జీతం, భవిష్యత్తు

ఈ భాగాన్ని దాచడం న్యాయం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 108 బండ్లకు డబ్బు ప్రభుత్వానిదే అయినా, వాటిని నడిపేది ఒప్పందం కుదుర్చుకున్న సంస్థ. అందులోని ఈఎంటీలు ప్రభుత్వ ఉద్యోగులు కారు. పన్నెండు గంటల షిఫ్టుల మీద, వేతనాల మీద సిబ్బంది ఎన్నోసార్లు ఆందోళనకు దిగారు. తొలి జీతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోల్చేలా ఉండదు. నిజం చెప్పాలంటే, మనం ఇప్పుడు కడుతున్న స్కూలు ఫీజుతో పోల్చి చూస్తే కొంతమందికి నిరుత్సాహం కలగవచ్చు. పని విలువకూ జీతానికీ ఇక్కడ పొంతన లేదన్నది మా అభిప్రాయం. అది తెలిసి చేరడం వేరు, చేరాక తెలియడం వేరు.

డిగ్రీ ఉంటే 108 ఒక్కటే గమ్యం కానక్కర్లేదు. పెద్ద ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు, విమానాశ్రయాలు, పెద్ద కర్మాగారాల అంబులెన్స్ రూములు, వెంటిలేటర్ ఉండే అడ్వాన్స్‌డ్ అంబులెన్సులు, ఎయిర్ అంబులెన్స్ సంస్థలు, శిక్షణ కేంద్రాలు ఈ నైపుణ్యం ఉన్నవారిని తీసుకుంటాయి. బండి మీద మూడు నాలుగేళ్లు గడిపి, తర్వాత హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేయవచ్చు.

విదేశాల ఆశ చూపే కన్సల్టెంట్లతో జాగ్రత్త. బ్రిటన్‌లో పారామెడిక్ అన్న పేరు వాడాలంటేనే అక్కడి హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆస్ట్రేలియాలో 2018 డిసెంబరు 1 నుంచి జాతీయ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గల్ఫ్ దేశాల్లో సర్టిఫికెట్ల పరిశీలన, లైసెన్స్ పరీక్ష, అనుభవం అడుగుతారు. మన డిగ్రీ చేతిలో ఉంటే విమానం ఎక్కేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఇంకో మాట ఇంటివాళ్లకు. ఈ పనిలో చేరినవారు మొదటి ఏడాదిలోనే మరణాన్ని దగ్గరగా చూస్తారు. చిన్నపిల్లల కేసు అయిన రోజు డ్యూటీ నుంచి వచ్చి అన్నం తినకుండా పడుకోవచ్చు. "ఉద్యోగమన్నాక తప్పదు" అని కొట్టిపారేయకండి, ఏం జరిగిందో చెప్పమని పదేపదే అడగకండి. నిద్రపోనివ్వండి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఆసక్తి నిజమైనదో, సినిమా చూసి పుట్టిందో తేల్చుకోవడానికి ఇంటర్ దాకా ఆగనక్కర్లేదు. ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ ప్రథమ చికిత్స శిక్షణ ఇస్తాయి. మీ దగ్గర్లో ఎప్పుడు జరుగుతుందో కనుక్కుని, వీలైతే మీరూ పిల్లలతో పాటు వెళ్లండి. అక్కడ సీపీఆర్ బొమ్మ ఉంటుంది. దాని ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. రెండు నిమిషాలు ఆపకుండా చేసేసరికి చేతులు లాగేస్తాయి, లోతు తగ్గిపోతుంది. చేసే మనిషి రెండు నిమిషాలకోసారి మారాలన్న నియమం అందుకే పెట్టారు.