తిరువాలంగాడులో ఆగని బండి

మదరాసు సెంట్రలులో బయలుదేరి అరక్కోణము వైపు పోవు దూరపు బండిలో కూర్చున్నవానికి, తిరువళ్ళూరు దాటిన పిమ్మట కడంబత్తూరు, మణవూరు, తిరువాలంగాడు అను పేర్లు పసుపు పలకలమీద రెప్పపాటు మెరసి మాయమగును. చదువుచున్న పత్రికనుండి అతడు తల యెత్తునంతలో ఆ ఊళ్లు వెనుకబడిపోయి యుండును. అక్కడ దిగదలచినవాడు ప్రతి స్టేషనులోను ఆగుచు, పూలబుట్టలను, కూరగాయల గంపలను, కాలేజీ పిల్లలను ఎక్కించుకొనుచు దించుచు నింపాదిగా సాగు లోకలు బండినే ఆశ్రయింపవలెను. తిరుత్తణివాసులమైన మాకు ఈ రెండు బండ్ల భేదము చిన్ననాటినుండియు తెలిసినదే. అయినను, నవల చదువుటకును, ఆ నవలను తెరమీద చూచుటకును గల భేదము సరిగా ఇదియేనని నాకు తోచుటకు మణిరత్నము తీసిన ‘పొన్నియిన్ సెల్వన్’ రెండు భాగములును చూడవలసి వచ్చినది.

తిరువాలంగాడనగానే భక్తులకు వటారణ్యేశ్వరుడు, నటరాజుని ఐదు సభలలో ఒకటియైన రత్నసభ, కాళితో పందెము వేసి పరమేశ్వరుడు ఆడిన ఊర్ధ్వతాండవము, ఆ నృత్యమును చూచుటకై తలతో నడచి వచ్చిన కారైక్కాల్ అమ్మ స్మరణకు వచ్చుట సహజము. చరిత్రకారులకు మాత్రము 1905లో అక్కడ బయటపడిన రాజేంద్రచోళుని రాగిరేకులు జ్ఞాపకము వచ్చును. రాజముద్ర గల కడియమునకు గ్రుచ్చిన ఆ 31 రేకులు నిజమునకు పళైయనూరను గ్రామమును ఆలయమునకు ధారపోసిన దానపత్రమే. గాని దాతను పొగడుటకు ముందు ఆయన వంశమునంతటిని పొగడుట నాటి శాసనకవుల ఆచారమగుటచే, చోళుల కథ యావత్తును అందులో సంస్కృత శ్లోకములుగా ఒదిగినది. సుందరచోళుని పెద్దకుమారుడైన ఆదిత్య కరికాలుడు యౌవనముననే మరణించిన సందర్భమునకు వచ్చునప్పటికి, ఆ కవి ఎంత చమత్కారము చేసెననుకొన్నారు! స్వర్గమును చూడవలెనను వేడుక పుట్టి రాకుమారుడు కంటికి కనబడకుండ పోయెనని చెప్పి ఊరకుండెను. హత్య అను మాట లేదు. హంతకుని ఊసే లేదు. ప్రజలు వచ్చి రాజ్యమేలుమని వేడుకొన్నను, పినతండ్రి వరుసవాడైన మధురాంతకునికి ఆశయున్నంతవరకు తనకు రాజ్యము వలదని తమ్ముడు అరుళ్మొళివర్మ తలచెనని మాత్రము తరువాతి మాట. ఆ తమ్ముడే కాలక్రమమున రాజరాజచోళుడైనాడు. హంతకుల పేర్లు తెలియవలెనన్న, ఎక్కడనో దక్షిణమున కాట్టుమన్నార్ కోయిలులో రాజరాజు రెండవ పాలనావత్సరమున చెక్కించిన శిలాశాసనమును వెదకవలసినదే.

కల్కి కృష్ణమూర్తి తన మహానవల ‘పొన్నియిన్ సెల్వన్’ను మొలిపించినది ఇటువంటి మౌనములోనుండియే. 1950లో మొదలై 1954లో ముగిసిన ఆ ధారావాహికము ఐదు భాగములైనది. పేరునకు చారిత్రకమే గాని, తోకచుక్క అపశకునములు, నేలమాళిగలు, గూఢచారులు, పురిటింట మారిన బిడ్డలు, పగబట్టిన సౌందర్యవతి, శ్మశానమున కుట్రదారుల ప్రతిజ్ఞలు ఇవన్నియు కూడిన ఆ గ్రంథము దక్షిణదేశపు పాఠకలోకమునకు ఒక పెద్ద అద్భుతకథయే యైనది. ఆ నాలుగేండ్లలో మా తిరుత్తణి చరిత్రయు తక్కువ అద్భుతము కాదు. కథ మొదలగునప్పుడు మేము ఉమ్మడి మదరాసు రాష్ట్రములోని చిత్తూరు జిల్లావారము. 1953 అక్టోబరు 1 నుండి ఆంధ్రరాష్ట్రమువారము. నవలానాయకుడైన వందియదేవుని కథ అక్కడనే ముగించి, 1960 ఏప్రిలు 1 నాడు మరల మదరాసువారమైతిమి. ఇల్లు కదలలేదు, ఇంటి తెలుగు కదలలేదు, వారమునకొకసారి రైలు దిగి వచ్చు ‘కల్కి’ పత్రికయు ఆగలేదు. అపరాజిత పల్లవుని శాసనము గల వీరట్టానేశ్వరుని గుడి మా ఊరిలోనే యున్నది. ఆ పల్లవుని వధించి ఈ తొండమండలమును చోళులు కలుపుకొన్న వృత్తాంతము నవలలో తగిలినప్పుడు, మావారు దానిని ప్రక్కవీథి తగవువలె చదువుకొనెడివారట.

మా మేనత్తకు తొలి సంచిక వచ్చునాటికి పన్నెండేండ్లు. అక్షరములు తమిళములో నేర్చినదై, తలపులు తెలుగులో తలచునట్టిదై, మణియము గీసిన బొమ్మలను కత్తిరించి పెట్టెలో దాచుకొన్న తరమునకు చెందినది. ఆమెవంటి వారు మా వైపు ప్రతి వీథిలోను ఉండిరి.

నవల ఎట్లు మొదలగును? ఆడిమాసము పదునెనిమిదవనాడు, నిండు సముద్రమువలెనున్న వీరనారాయణ చెరువు గట్టుమీద ఒంటరిగా గుఱ్ఱమెక్కి పోవు యువకుడొకడు, పండుగకు వచ్చిన జనులను, వారు కట్టి తెచ్చుకొన్న చిత్రాన్నములను, నీటిలో విడుచు పూలను చూచుచు, తొందరయన్నది లేకుండ పోవుచుండును. అతనికెంత తొందర లేదో కథకునికి అంతకన్న తక్కువ. కొంతదూరము పోవునప్పటికి ఆళ్వార్కడియానను వైష్ణవుడొకడు శైవులతో వాదమునకు దిగి, దండకమండలువుల పోట్లాట పెట్టుకొనును. వారి తర్కమంతయు వినిన పిమ్మట గాని గుఱ్ఱము కదలదు. చలనచిత్రము ఎట్లు మొదలగును? రాష్ట్రకూటులతో యుద్ధము! ఏనుగులు, అగ్గి, కత్తులు. వందియదేవుని ఆ ప్రయాణమంతయు రహమాను స్వరపరచిన ఒక్క పాటలో, నాలుగైదు నిమిషములలో ముగిసిపోవును. పాట బాగున్నది, కాదనువాడను కాను. తోట తరణి నిలబెట్టిన కోటలును, రవివర్మన్ ఛాయాగ్రహణమును మెచ్చదగినవే. ఆళ్వార్కడియానుగా జయరాము కనబడిన ప్రతిసారియు హాలులో నవ్వులు పూసినవి. 2022 సెప్టెంబరు 30న మొదటి భాగమును, 2023 ఏప్రిలు 28న రెండవ భాగమును విడుదలయై, వ్యాపారదృష్టిచే విజయము పొందినవే. ఐదు భాగముల గ్రంథమును ఐదున్నర గంటలలో ఇమిడ్చినవానికి మజిలీలు వదలుకొనక తప్పదనుటయు నిజమే.

అయినను చదివినవారు అసంతృప్తితోనే లేచిరి. వింత యేమన, చదువనివారును అసంతృప్తితోనే లేచిరి. తెలుగుదేశమున చిరంజీవి గళముతో ఉపోద్ఘాతము విని కూర్చున్న ప్రేక్షకుడు, ఈ పేర్లేమి, ఈ చుట్టరికములేమి, ఎవడు ఎవని పక్షమని తికమకపడి, కథ మితిమీరినదని విసుగుకొనెను. తమిళదేశపు పాఠకుడు అదే చిత్రమును చూచి కథ సగము పోయినదని వాపోయెను. ఒకే వస్తువు ఒకనికి అధికమును, వేరొకనికి న్యూనమును ఎట్లగును? పోయినది సంఘటనలు కావు, సంఘటనకును సంఘటనకును నడుమ ఊపిరి పీల్చుకొను తావులు. ఆ తావులలోనే పాఠకుడు పాత్రలతో చుట్టరికము కలుపుకొనును. చుట్టరికము కలిసినవానికి వంశవృక్షము అక్కరలేదు.

తెలుగువారికి ఈ విషయము క్రొత్తగా చెప్పనక్కరలేదు. మధిర సుబ్బన్న దీక్షితకవి తన అద్భుతకథల సంపుటమునకు ‘కాశీమజిలీకథలు’ అని పేరు పెట్టుటలోనే రహస్యమంతయు ఉన్నది: కాశి గమ్యమేగాని, కథ పుట్టునది మజిలీలోనే. ఆ కథలలోని ఒకదానిని పట్టుకొని కె.వి. రెడ్డియు, పింగళి నాగేంద్రరావును 1951లో ‘పాతాళభైరవి’ని తీసినప్పుడు మూలమును ఏమాత్రము లెక్కచేయక, తోటరాముని, నేపాళమాంత్రికుని తమ ఇష్టమువచ్చినట్లు తీర్చుకొనిరి, వారిని తప్పుపట్టినవాడు లేడు. అల్లరి స్నేహితుల ముచ్చటలకు, మాంత్రికుని కొంటెతనమునకు, అక్కరలేని చోట ఆగి నవ్వుకొనుటకు ఆ చిత్రములో కావలసినంత తీరిక కలదు. మూలమునకు ద్రోహము చేసియు మజిలీకి ద్రోహము చేయనందువలననే అది నిలిచినదని నా నమ్మకము. ‘పాతాళభైరవి’ని నిర్మించిన విజయాసంస్థవారే నడిపిన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యము ‘తోకచుక్క’ మొదలుగా వ్రాసిన అద్భుత ధారావాహికములలో ఒక్కటియైనను వారు తెరకెక్కింపలేదు. తెరకెక్కింపకపోవుటయే పాఠకులపై చూపిన దయయేమో! యండమూరి ‘తులసి’ 1986లో ‘కాష్మోరా’గా వచ్చినప్పుడు, వారమువారము ఎదురుచూచి దీపమార్పుటకు జంకిన పాఠకులకు, తెరమీది భూతము తమ మనస్సులోని భూతముకన్న చిన్నదిగానే కనబడినది.

దేశాంతరములలోను ఇదే గోడు. ‘ఎర్త్‌సీ’ నవలలు వ్రాసిన ఉర్సులా లెగ్విన్, తన కథానాయకుని తామ్రవర్ణుడుగా చిత్రించియుండగా, 2004లో అమెరికా టెలివిజనువారు తెల్లవానిని తెచ్చి నిలబెట్టిరని బహిరంగముగానే నిరసించెను. ‘ఎరగాన్’ 2006లో తెరకెక్కి, తరువాతి భాగములకు దారి లేకుండ ఆగిపోయెను. లెగ్విన్‌ది న్యాయమైన కోపమే. మా వైపు పాఠకుల కోపము మాత్రము రంగునకు సంబంధించినది కాదు.

అది ఆదిత్య కరికాలుని మరణమునకు సంబంధించినది. కల్కి ఆ హత్యను కడంబూరు మేడలో చీకటిలో జరిపించి, చంపినదెవరో తేల్చక, ఒకరిమీదనుండి ఒకరిమీదకు అనుమానమును తిప్పుచు పోయెను. పై వేయేండ్ల క్రిందటి రాగిరేకుల కవి చేసినదియు అదే కదా! చలనచిత్రములో, పగబట్టిన ఆ సౌందర్యవతి నందినికిని కరికాలునికిని నడుమ ఆ ఘట్టము మన కన్నులయెదుటనే జరిగిపోవును. నటన గొప్పది, అయినను చూచుచుండగా, తాళము వేసియుండుటచేతనే ఇన్నాళ్లు తలుపు చెంత కూర్చున్నవారికి ఎవరో వచ్చి ఇల్లు తెరచి, లోపలనేమియు లేదు లెండని చూపినట్లయినది. మధురాంతకుడు ఎవరను రహస్యము, పురిటింట మారిన సేందన్ అముదుని జన్మవృత్తాంతము అడుగంట తీసివేయబడినవి. తెలియని సంగతి తెలియనిదిగానే యుండనిచ్చు ధైర్యము చిత్రకర్తలకు ఏలనో అరుదు.

రెండవ భాగము చూచి వచ్చిన రాత్రి మా మేనత్త మేలుకొనియే యుండెను. ఎనుబదియైదేండ్ల ఆమెను హాలుకు తీసికొనిపోలేదు. ఇంటియొద్దనే కథ చెప్పుమనెను. యుద్ధములు, కోటలు, పట్టాభిషేకము అన్నియు చెప్పితిని. ఓపికగా వినినది. కడకు,

“మణిమేకల ఏమయిందిరా నాయనా?” అనెను.

వందియదేవుని కాపాడుటకై, చేయని హత్యను తానే చేసితినని చెప్పిన పిచ్చితల్లి. ఐదవ భాగము చివరిపుటలలో అతని ఒడిలో ప్రాణము విడిచిన పిల్ల. చిత్రములో ఆమె లేదు. లేదని చెప్పితిని.

“లేదంటే? చచ్చిపోయిందా?”

“అసలు పుట్టలేదత్తా.”

ఆమె కొంతసేపు నా ముఖమువంక చూచి, కళ్లజోడు ఎక్కడ పెట్టితినో చూడుమని, బీరువా పైయరలోనున్న ఐదవ భాగమును తీసి ఇమ్మనెను.