ఆశ్వయుజం, కార్తీకం: డుంబ్రిగుడ చోడి, వరి రైతు తీసుకోవలసిన నిర్ణయాలు

డుంబ్రిగుడ మండలంలో ఏడాది తిండిగింజలు దాదాపు ఈ రెండు నెలల్లోనే తేలిపోతాయి. పల్లపు మడుల్లో వరి ఈనుతుంటుంది. మెట్టలో చోడి వెన్ను గింజ పోసుకుంటుంది. గట్టు మీద వలిసె పసుపు పచ్చగా పూస్తుంది. చూడడానికి వచ్చినవారికి అది అందం. ఇంటివారికి మాత్రం అది లెక్కల కాలం. ఎరువు వేయాలా, ఎప్పుడు కోయాలి, ఏది విత్తనానికి దాచాలి, ఖాళీ అయిన చేనులో ఏమి చల్లాలి? ఈ నాలుగు ప్రశ్నలకు మాకు తెలిసిన జవాబులను పాఠకుల ముందుంచుతున్నాము.

మొదటిది, ఎరువు సంగతి. పైరు కాస్త పాలిపోతే యూరియా చల్లాలనిపిస్తుంది. కాని ఈ కాలంలో పగలు మబ్బు, రాత్రి చలి, తెల్లవారేసరికి ఆకు నిండా మంచు. అగ్గి తెగులుకు కావలసింది ఇదే వాతావరణం. పైన యూరియా కూడా పడితే ఆకు మెత్తబడి తెగులు ఇంకా త్వరగా పాకుతుంది. ఆకు మీద నూలు కండె ఆకారంలో, నడుమ బూడిద రంగుతో మచ్చలు కనిపిస్తే నత్రజని ఎరువు వెంటనే ఆపాలి. ఆకు మీద ఆగితే కొంత నష్టంతో పోతుంది. వెన్ను మెడకు పాకితే గింజ తాలు అవుతుంది. వరికీ చోడికీ ఈ ప్రమాదం ఒకటే. లీటరు నీటికి 10 గ్రాముల సూడోమోనాస్ పొడి కలిపి ముందుగానే పిచికారీ చేసుకోవచ్చు. రసాయన మందు కొట్టవలసి వస్తే మచ్చ పడిన ఆకును రైతు సేవా కేంద్రంలో చూపించి, వారు చెప్పిన మోతాదులోనే వాడాలి.

రెండవది, కోత. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరం దాటిన హుద్‌హుద్ కొండలనూ వదలలేదు. కాఫీ తోటల్లో నీడ చెట్లు సైతం కూలాయి. కాబట్టి చేనంతా ఎండేదాకా ఆగనక్కరలేదు. వరి వెన్నులో నూటికి 80 నుంచి 85 గింజలు బంగారు రంగుకు వస్తే చాలు. కోతకు పది రోజుల ముందు మడిలో నీరు తీసివేయాలి. కోసిన పనలు వానకు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద చల్లితే గింజ మొలకెత్తదు. చోడి వెన్నులన్నీ ఒకేసారి పండవు. పండినవాటిని ముందు, మిగిలినవాటిని తరువాత కోయడం మన పెద్దల పద్ధతి. అది నేటికీ సరైనదే.

మూడవది, విత్తనం. ఇదే అన్నిటికన్నా ముఖ్యమని మా అభిప్రాయం. కళ్ళంలో అంతా కలిసిపోయాక ఏరడం కుదరదు. తెగులు సోకని, గింజ నిండిన వెన్నులను చేనులోనే చూసి వేరుగా కోసుకోవాలి. వరి విత్తనంలో తేమ 13 శాతం, చోడిలో 12 శాతం మించకుండా ఎండబెట్టాలి. పంటి కింద పెడితే గింజ టక్కున విరగాలి. పేడతో అలికిన వెదురు బుట్టలో వావిలాకు వేసి, నేలకు తగలకుండా ఎత్తున దాచాలి. విత్తే ముందు 100 గింజలను తడిగుడ్డలో చుట్టి చూడాలి. వరి 80, చోడి 75 మొలిస్తే అది మంచి విత్తనం. కరువు నెలల్లో ఈ బుట్ట మీదే ముందుగా చేయి పడుతుంది. బుట్ట ఖాళీ అయిన ఇల్లు వచ్చే జూన్‌లో విత్తనం కోసం అప్పుకు వెళ్ళవలసిందే.

నాలుగవది, తరువాతి పంట. గెడ్డ నీరు ఉన్నవారు తొందరపడి చలిలో వరి నారు పోయకూడదు. చలికి మొలక ఆలస్యమై, నారు పసుపుబారి గిడసబారుతుంది. చోడి కోసిన మెట్టలో తడి ఆరకముందే ఉలవ చల్లితే పెద్ద ఖర్చు లేదు. గింజ ఇంటికి, మేత పశువుకు, సారం నేలకు దక్కుతాయి. కొత్తగా చోడి వేయదలచినవారికి విజయనగరం పరిశోధన స్థానం అందించిన శ్రీ చైతన్య, వేగావతి వంటి రకాలు ఉన్నాయి. ధర సంగతి కూడా గమనించాలి. 2024-25లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు సాధారణ వరికి 2,300 రూపాయలు, చోడికి 4,290 రూపాయలు. చోడి పేదల తిండి అని చిన్నచూపు చూసే రోజులు పోయాయి.

చివరగా, సాయం చేయదలచిన పెద్దలకు ఒక విన్నపం. మనం ఇచ్చేది వేళకు అందాలి. తడి ఆరిపోయాక వచ్చిన ఉలవ విత్తనం, ఈనిన పైరుకు అందిన యూరియా బస్తా మంచి మనసుతో ఇచ్చినవే అయినా రైతుకు ఉపయోగపడవు. అదే డబ్బుతో కోతల ముందు ఊరికి రెండు టార్పాలిన్లు, కళ్ళం అయ్యాక విత్తనం దాచడానికి గట్టి డబ్బాలు ఇస్తే ఆ గింజ మరుసటి ఏడాది కూడా మొలుస్తుంది. ఏమి కావాలో, ఎప్పుడు కావాలో ముందుగా ఆ ఇంటి ఆడవారిని అడుగుదాం. విత్తనపు బుట్ట సంగతి వారికి తెలిసినంతగా మనకు తెలియదు.