జీవశాస్త్రం చదివితే వైద్యమొక్కటేనా?

పదవ తరగతి ముగించి కళాశాలలో చేరబోయే విద్యార్థి ముందు కొన్ని గ్రూపులు నిలుస్తాయి. వానిలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిసినదానిని బై.పి.సి. అంటారు. ఈ గ్రూపును ఎందుకు కోరుకొన్నావని అడిగితే చాలమంది చెప్పే సమాధానం ఒక్కటే: "డాక్టరు కావడానికి." కోరిక మంచిదే. కాని వైద్య కళాశాలలలో సీట్లు పరిమితం. ప్రవేశ పరీక్ష వ్రాసేవారు వానికి అనేక రెట్లు. సీటు దొరకని వారిలో కొందరు ఏడాది తరువాత ఏడాది అదే పరీక్షకు కూర్చుంటారు. మరికొందరు జీవశాస్త్రం తీసుకొని చెడిపోయామనుకొని ఏదో ఒక చదువులో చేరిపోతారు. ఈ రెండు తలంపులకూ మూలం ఒకటే. జీవశాస్త్రమనగా వైద్యానికి ఎక్కే మెట్టు మాత్రమే అన్న అభిప్రాయం.

ఈ అభిప్రాయం ఎంతవరకు సరియైనదో పరిశీలిద్దాం. ఇందుకు దూరం పోనక్కరలేదు. వికారాబాదు జిల్లా దౌల్తాబాదు, తాండూరు ప్రాంతాలలో వానకాలంలో ఎటుచూసినా కనిపించే కంది చేను చాలును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ పంటపై పరిశోధన చేయడానికి తాండూరులో వ్యవసాయ పరిశోధనా స్థానం కూడ ఉన్నది. ఆ చేనులో నిలిచి, అక్కడ ఎదురయ్యే ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన వారెవరో ఒక్కొక్కరిని పిలుద్దాం.

చేను అడిగే ప్రశ్నలు

పచ్చగా ఉన్న కంది మొక్క ఉన్నట్టుండి వాడి, నాలుగు రోజులలో నిలువునా ఎండిపోతుంది. పక్క మొక్కకు ఏమీ కాదు. నీరు చాలక ఎండినదేమో అనుకొంటాం. కాని ఆ మొక్క కాండాన్ని నిలువుగా చీల్చి చూస్తే లోపల నల్లని చార కనిపిస్తుంది. ఇది ఎండు తెగులు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం నేలలోనుండి వేరులో ప్రవేశించి, నీటిని పైకి తీసుకొనిపోయే దారువు నాళాలను మూసివేస్తుంది. నేలలో తేమ ఉన్నా అది ఆకుకు చేరదు. ఈ శిలీంధ్రం పంట తీసిన తరువాత కూడ మోళ్ళను ఆశ్రయించి నేలలో సంవత్సరాల తరబడి బ్రతుకుతుంది. అందువల్లనే కందిలో జొన్నను కలిపి వేయడం, మరుసటి ఏడు పంట మార్చడం మేలు చేస్తాయి. ఈ రహస్యాన్ని విప్పినవాడు వృక్షరోగ శాస్త్రజ్ఞుడు. ఆయన చదువుకు పునాది వృక్షశాస్త్రం.

మరొక మొక్క చూద్దాం. ఇది ఎండలేదు, పైగా పొదవలె గుబురుగా, చూడ ముచ్చటగా ఉన్నది. కాని పూత లేదు, కాయ లేదు. దీనిని వెర్రి తెగులు అంటారు. ఈ తెగులును శాస్త్రజ్ఞులు 1931లోనే వర్ణించారు. ఇది ఎలా వ్యాపిస్తున్నదో తెలియడానికి మరి మూడు దశాబ్దాలు పట్టినది. ఒక మిల్లీమీటరులో అయిదవ వంతు మాత్రమే ఉండే నల్లి దీనిని మొక్కనుండి మొక్కకు మోస్తున్నదని 1962లో తేలినది. ఇది మంచాలలో ఉండే నల్లి కాదు. సాలెపురుగుకు దగ్గరి చుట్టం. అది మోసే వస్తువేమిటో అప్పటికీ తెలియలేదు. చివరకు 2000 ప్రాంతంలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు స్కాట్లండు శాస్త్రజ్ఞులతో కలిసి అది ఒక వైరసు అని నిరూపించారు. చూడండి: ఒక్క తెగులుకు మొక్క సంగతి తెలిసినవాడు, నల్లి సంగతి తెలిసిన జంతుశాస్త్రజ్ఞుడు, వైరసును వేరుచేయగల సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు ముగ్గురూ కావలసి వచ్చినారు. సుమారు డెబ్బది సంవత్సరాలు కావలసి వచ్చినది.

పూత నిలిచి కాయ కట్టిన తరువాత వచ్చేది కాయ తొలుచు పురుగు. మందు చల్లితే చావని స్థితికి ఇది అనేక చోట్ల చేరుకొన్నది. ఏలననగా మందుకు తట్టుకొన్న పురుగులే మిగిలి, వాని సంతతే పెరిగినది. ప్రకృతివరణమని పాఠ్యగ్రంథంలో చదివే విషయం చేనులో జరుగుతున్నదన్నమాట. దీనికి ఉపాయం కూడ పురుగు జీవితంలోనే దొరికినది. ఆడ పురుగు మగ పురుగును పిలవడానికి వెదజల్లే వాసన పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసి, బుట్టలలో అమర్చి, మగ పురుగులను పట్టి లెక్కిస్తారు. లెక్క పెరిగితే పురుగు రాబోతున్నదని రైతు ముందే తెలుసుకొంటాడు. ఇది కీటకశాస్త్రజ్ఞుని పని.

మట్టిలోనికి దిగుదాం. కంది వేరుపై ఆవగింజలంత, మిరియాలంత బుడిపెలు ఉంటాయి. వానిలో నివసించే రైజోబియం జాతి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఆహారంగా ఇస్తాయి. మొక్క వానికి చక్కెరను ఇస్తుంది. ఈ బాక్టీరియాను పెంచి, విత్తనానికి పట్టించే పొడిగా చేసి రైతుకు అందించే ప్రయోగశాలలు ఉన్నవి. అక్కడ పనిచేసేవారు సూక్ష్మజీవ శాస్త్రం చదివినవారు.

విత్తనం సంగతి మరింత పెద్దది. ఎండు తెగులును తట్టుకొనే మారుతి రకం 1986లో విడుదలయినది. తరువాత ఎండు తెగులును, వెర్రి తెగులును రెండింటినీ తట్టుకొనే ఆశ రకం వచ్చినది. ఆ ఆశ రకపు జన్యుపదార్థాన్నే ఇక్రిశాట్ నాయకత్వంలో అనేక దేశాల శాస్త్రజ్ఞులు చదివి 2011లో ప్రకటించారు. కంది కణంలో 11 జతల క్రోమోసోములు ఉన్నవి. వానిలో సుమారు 48 వేల జన్యువులు ఉన్నట్లు అప్పుడు అంచనా వేశారు. తెగులును తట్టుకొనే గుణం ఏ జన్యువుకు దగ్గరగా ఉన్నదో తెలిస్తే, మొక్క పెరిగి తెగులు సోకేవరకు వేచి ఉండకుండ లేతమొక్క ఆకును పరీక్షించి మేలైనదానిని ఎంచుకోవచ్చును. ఇది జన్యుశాస్త్రజ్ఞుడు, వృక్షప్రజనన శాస్త్రజ్ఞుడు కలిసి చేసే పని.

చివరకు పంట వంటింటికి చేరినది. నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. జొన్నలో, బియ్యంలో లోపించే లైసిన్ పప్పులో ఉన్నది. పప్పులో తక్కువైన మెథియొనిన్ ధాన్యంలో ఉన్నది. కావున రొట్టెతోగాని అన్నంతోగాని పప్పు తినడం కేవలం రుచికి మాత్రమే కాదు. ఇటువంటి విషయాలు పరిశోధించే జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. జీవరసాయన శాస్త్రం, గృహవిజ్ఞానం చదివినవారికి అక్కడ పని ఉన్నది.

కందిపప్పులో ఉండే మరొక వస్తువు ఫోలిక్ ఆమ్లం. రక్తం పట్టడానికి ఇది అవసరం. దీనిని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. ఆయనకు కీర్తి తెచ్చినది రోగి మంచం పక్కన చేసిన చికిత్స కాదు, ప్రయోగశాల బల్ల ముందు చేసిన కృషి. ఆయన కృషివల్ల ఎన్నడూ ఆయనను చూడని కోట్లాది రోగులు మేలు పొందారు. వైద్యవిద్య కూడ జీవశాస్త్రంలో ఒక శాఖయేగాని, జీవశాస్త్రం వైద్యవిద్యలో ఒక భాగం కాదని దీనివల్ల గ్రహించవచ్చును.

రెండు దారులు

ఇంటర్మీడియెట్ తరువాత జీవశాస్త్ర విద్యార్థి ముందు రెండు విధాల దారులు ఉన్నవి. వీని మధ్య భేదం తెలియకపోవడంవల్లనే చాల చిక్కులు వస్తున్నవి.

మొదటిది వృత్తివిద్యల దారి. వైద్యం, దంతవైద్యం, ఆయుర్వేదం, హోమియోపతి వంటివానికి నీట్ పరీక్ష వ్రాయవలెను. వ్యవసాయం, ఉద్యానవిద్య, పశువైద్యం, మత్స్యశాస్త్రం, ఫార్మసీలకు తెలంగాణలో ఎప్‌సెట్ ఉన్నది. వ్యవసాయ విద్యలో గ్రామీణ ప్రాంతాలలో చదివిన రైతుబిడ్డలకు కొన్ని సీట్లు ప్రత్యేకించబడినవి; దౌల్తాబాదు వంటి మండలాల విద్యార్థులు ఈ సంగతి తప్పక తెలుసుకోవలెను. పదవ తరగతి తరువాతనే పాలిసెట్ ద్వారా రెండు సంవత్సరాల వ్యవసాయ డిప్లొమాలో చేరే వీలు కూడ కలదు. నర్సింగు, ప్రయోగశాల పరీక్షల సాంకేతిక విద్య వంటివి కూడ ఈ దారిలోనివే. ఇక్కడ ద్వారం ఇరుకు. ప్రవేశం దొరికితే వృత్తి ఏమిటో ముందే నిర్ణయమవుతుంది.

రెండవది మూలశాస్త్రాల దారి. బి.ఎస్‌సి.లో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, జీవసాంకేతిక శాస్త్రం వంటివి చదవవచ్చును. ఇక్కడ ద్వారం విశాలం, దారి పొడవు. ఉన్నమాట చెప్పవలెను: బి.ఎస్‌సి. పట్టం ఒక్కటే చేతబట్టుకొని వెళితే మంచి ఉద్యోగం దొరకడం కష్టం. దానిపై మరొక మెట్టు అవసరం. బి.ఎడ్. చేస్తే ఉన్నత పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయుడు కావచ్చును. ఎం.ఎస్‌సి. చేస్తే కళాశాలలో బోధించవచ్చును. మందుల, టీకాల కర్మాగారాలలో నాణ్యతా పరీక్షల విభాగాలలో చేరవచ్చును. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పట్టభద్రులు భారత అటవీ సర్వీసు పరీక్షకు అర్హులు. పరిశోధనపై ఆసక్తి గలవారు ఎం.ఎస్‌సి. తరువాత జాతీయ అర్హతా పరీక్షలో నెగ్గితే భృతి పొందుతూ పిహెచ్.డి. చేయవచ్చును. 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. వంటి పరిశోధనాలయాలు మన హైదరాబాదులోనే ఉన్నవి.

ఏ దారి మేలని అడుగరాదు. ఏది ఎవరికి తగినదని అడుగవలెను. త్వరగా సంపాదన అవసరమైన కుటుంబంలోని విద్యార్థికి డిప్లొమా, నర్సింగు వంటివి నీడనిస్తాయి. ఒక ప్రశ్న పట్టుకొంటే వదలని స్వభావం గలవానికి మూలశాస్త్రం తగును. వైద్య ప్రవేశ పరీక్ష వ్రాసేవారు ఎన్నిసార్లు వ్రాయదలచినారో ముందే ఇంట్లో మాట్లాడుకొని ఒక హద్దు పెట్టుకొనడం, అదే సంవత్సరం ఎప్‌సెట్ కూడ వ్రాయడం వివేకం.

అంకెల భయం

లెక్కలు తప్పించుకోవడానికి జీవశాస్త్రం తీసుకొనేవారు కొందరున్నారు. వారు ముందుగా ఒక సంగతి తెలుసుకొనడం మంచిది. కొత్త కంది రకం పాతదానికంటె మేలైనదా అని తేల్చడానికి ఒక మడిలో వేసి చూస్తే చాలదు. ఒక మడి నేల సారవంతం కావచ్చును, మరొకటి చవుడు కావచ్చును. అందువల్ల రకాలను అనేక మడులలో చీట్లు వేసినట్లు కలగలిపి విత్తి, దిగుబడులను గణాంకశాస్త్ర పద్ధతిలో పోలుస్తారు. జన్యుపదార్థాన్ని చదవడమైతే గణకయంత్రం లేనిదే జరుగదు. కనుక బై.పి.సి. విద్యార్థి పదవ తరగతి గణితాన్ని మరచిపోకుండ కాపాడుకోవలెను.

పాఠశాలలో చేయదగిన పని

ఉపాధ్యాయులకు ఒక సూచన. విత్తిన నలుబది రోజులకు రైతు అనుమతితో ఒక కంది మొక్కను మట్టి బెల్లతో సహా జాగ్రత్తగా తవ్వి, బక్కెట్టు నీటిలో నెమ్మదిగా కడగండి. బుడిపెలను విద్యార్థులచేత లెక్కింపజేయండి. ఒక బుడిపెను బ్లేడుతో కోయండి. లోపల గులాబి రంగు ఉంటే నత్రజని పని జరుగుతున్నదని అర్థం. ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో ఉంటే ఆగిపోయినదని అర్థం. వేరువేరు చేలనుండి పది మొక్కలు తెచ్చి లెక్కలు పట్టికగా వ్రాస్తే తేడాలు కనిపిస్తాయి. తేడా ఎందుకు వచ్చినదని ఎవరో ఒకరు అడుగుతారు.

అలా అడిగిన విద్యార్థిని గుర్తు పెట్టుకోండి. ఆ బాలుడో బాలికో రేపు డాక్టరు కావచ్చును, కాకపోవచ్చును. జీవశాస్త్రానికి మాత్రం తగినవారే.