లైను లారీ నుంచి లోకల్ డ్యూటీకి

ఈ పాఠం ఎందుకు?

మీరు లారీ డ్రైవరు కావచ్చు. లేదా మీ ఇంట్లో తండ్రో, అన్నో, భర్తో ఆ పని చేస్తూ ఉండవచ్చు. హైదరాబాదులో లోడెత్తిన లారీ ఢిల్లీ చేరాలంటే సుమారు 1500 కిలోమీటర్లు నడవాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్, నాగపూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా దాటి వెళ్లాలి. అక్కడ సరుకు దించి, తిరుగు లోడు దొరికేవరకు కాచుకోవాలి. దొరికాక అంతదూరం వెనక్కి రావాలి. ఈలోగా ఇంట్లో పండుగ వచ్చి వెళ్లిపోతుంది. బిడ్డకు జ్వరం వచ్చినా ఫోనులో వినడమే అవుతుంది.

అందుకే చాలామంది కొన్నేళ్లు లైను మీద తిరిగాక 'ఇక లోకల్ చూసుకుందాం' అనుకుంటారు. ఆ ఆలోచన మంచిదే. అయితే లెక్క చూసుకోకుండా మారినవారిలో కొందరు కొద్ది నెలలకే మళ్లీ లైను బండి ఎక్కుతారు. అలా జరగకుండా, మారే ముందే ఏమేమి తెలుసుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- లైను పనికి, లోకల్ పనికి గల తేడాలను చెప్పగలుగుతారు.
- రెండు పనుల ఆదాయాన్ని గంటల లెక్కన పోల్చగలుగుతారు.
- లైసెన్సు, పని గంటలకు సంబంధించిన ముఖ్యమైన నియమాలను గుర్తించగలుగుతారు.
- కొత్త యజమానిని అడగవలసిన ప్రశ్నలను తయారు చేసుకోగలుగుతారు.

1. అలసట పోదు, మారుతుంది

లైను మీద ముఖ్యమైన కష్టం నిద్ర. రాత్రి రెండు గంటల నుంచి తెల్లవారుజాము వరకు మనిషి శరీరం సహజంగానే నిద్ర కోరుతుంది. మధ్యాహ్నం భోజనం తరువాత కూడా కొంత మగత వస్తుంది. టీ తాగినా, ముఖం కడుక్కున్నా ఈ మగత కొద్దిసేపే ఆగుతుంది. దానికి నిద్ర ఒక్కటే మందు.

పైగా సమయం తరుముతూ ఉంటుంది. సరుకుతో పాటు ఉండే ఈ-వే బిల్లుకు గడువు ఉంటుంది. 2021 జనవరి 1 నుంచి సాధారణ సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తున్నారు. అంతకు ముందు 100 కిలోమీటర్లకు ఒక రోజు ఉండేది.

లోకల్ పనిలో కష్టం వేరు. రోజంతా క్లచ్చి తొక్కాలి, గేరు మార్చాలి. ఇరుకు సందుల్లో వెనక్కి నడపాలి. ఎడమ పక్క నుంచి దూసుకొచ్చే ద్విచక్ర వాహనాలను కనిపెట్టుకోవాలి. తక్కువ ఎత్తులో వేలాడే తీగలను చూసుకోవాలి. హైవే మీద అనుభవం ఉన్న డ్రైవరుకు కూడా మొదటి నెల ఇది కొత్తగానే ఉంటుంది. కొన్ని చోట్ల సరుకు దించడంలో చెయ్యి వేయమని కూడా అంటారు.

లోకల్ అంటే పగటి పని అనుకోవడం కూడా సరికాదు. పెద్ద నగరాల్లో పగటి వేళ భారీ వాహనాలకు ప్రవేశం ఉండదు. కాబట్టి ఆ నగరాల్లో చాలా లోకల్ బండ్లు రాత్రిపూటే తిరుగుతాయి. డ్రైవరు ఇంట్లోనే ఉంటాడు. కానీ ఇంటిల్లిపాదీ మేలుకున్న వేళ అతను పడుకోవాలి.

2. లోకల్ పనులు ఎన్ని రకాలు?

'లోకల్' అనే ఒక్క మాట కింద వేరు వేరు పనులు ఉన్నాయి.

(అ) పార్సిల్, గోడౌను పని: ట్రాన్స్‌పోర్టు గోడౌను నుంచి దుకాణాలకు సరుకు చేర్చాలి. దూరం తక్కువ, ఆగే చోట్లు ఎక్కువ. సరుకు లెక్కకు, సంతకాలకు డ్రైవరే జవాబుదారీ. చదవడం, రాయడం వచ్చినవారికి ఈ పని సులువు.

(ఆ) రైల్వే గూడ్స్ షెడ్ పని: సిమెంటు, ఎరువులు, బియ్యం రైలు పెట్టెల్లో వస్తాయి. వాటిని నిర్ణీత సమయంలో ఖాళీ చేయకపోతే రైల్వేకు అదనపు రుసుము కట్టాలి. కాబట్టి రైలు వచ్చినప్పుడు రాత్రీ పగలూ పని ఉంటుంది. రాని రోజున ఉండదు.

(ఇ) టిప్పరు పని: ఇసుక, కంకర, మట్టి తోలాలి. చాలా చోట్ల ట్రిప్పుకు ఇంత అని ఇస్తారు. ఎక్కువ ట్రిప్పులు వేయాలనే ఆశ వేగాన్ని పెంచుతుంది. ఎక్కువ బరువు వేయాలనే ఒత్తిడి కూడా ఉంటుంది.

(ఈ) రెడీమిక్స్ కాంక్రీటు బండి: కాంక్రీటు గట్టిపడకముందే, అంటే కలిపిన సుమారు రెండు గంటల్లోపు, పోయాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా గడియారం ఆగదు. స్లాబు పని మొదలైతే అది పూర్తయ్యేదాకా ఇంటికి వెళ్లడం కష్టం.

(ఉ) పెట్రోలు, గ్యాసు ట్యాంకరు: డిపో నుంచి చుట్టుపక్కల బంకులకు చేర్చాలి. దీనికి ప్రత్యేక శిక్షణ కావాలి. దాని గురించి నాలుగో భాగంలో చూద్దాం.

మీ ఊరి చుట్టూ వీటిలో ఏవి ఉన్నాయో ముందుగా చూసుకోండి. విశాఖపట్నం వంటి రేవు పట్టణంలో దొరికే పని వేరు, వరి మిల్లులున్న పల్లె ప్రాంతంలో దొరికే పని వేరు.

పాఠగత ప్రశ్నలు – 1

1. రాత్రి వేళ వచ్చే మగతకు సరైన మందు ఏమిటి?
2. గూడ్స్ షెడ్ పని రోజూ ఒకే తీరుగా ఎందుకు ఉండదు?

3. చేతికి మిగిలేది ఎంత?

జీతం అంకెను మాత్రమే చూసి పనులను పోల్చకూడదు. ఆ అంకెలోంచి దారి ఖర్చులు తీసేయాలి. మిగిలినదాన్ని పని గంటలతో భాగించాలి. ఇక్కడ గంటలంటే బండి నడిపిన గంటలే కాదు. లోడు కోసం కాచుకున్న గంటలు కూడా లెక్కే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి మాత్రమే. వీటి స్థానంలో మీ సొంత అంకెలు వేసుకోండి.

లైను పని: జీతం, బత్తా కలిపి నెలకు రూ. 28,000. నెలలో 24 రోజులు బండి మీద ఉండాలి. తిండి, టీ, స్నానం వగైరా ఖర్చు రోజుకు రూ. 350 చొప్పున రూ. 8,400. మిగిలేది రూ. 19,600. రోజుకు 14 గంటల చొప్పున మొత్తం 336 గంటలు. అంటే గంటకు సుమారు రూ. 58.

మొదటి లోకల్ పని: జీతం రూ. 20,000. 26 రోజులు, రోజుకు 10 గంటలు. టీ, టిఫిను, బండి దగ్గరకు రాకపోకలకు రోజుకు రూ. 140 చొప్పున రూ. 3,640. మిగిలేది రూ. 16,360. మొత్తం 260 గంటలు. గంటకు సుమారు రూ. 63.

రెండో లోకల్ పని: జీతం అదే రూ. 20,000. కానీ ఆదివారం సెలవు లేదు. 30 రోజులు, రోజుకు 12 గంటలు. ఖర్చు రూ. 4,200. మిగిలేది రూ. 15,800. మొత్తం 360 గంటలు. గంటకు సుమారు రూ. 44.

ఈ లెక్క ఏం చెబుతోంది? మొదటి లోకల్ పనిలో నెలకు రూ. 3,240 తగ్గుతుంది. కానీ 76 గంటలు మిగులుతాయి, ప్రతిరోజూ ఇల్లు చేరవచ్చు. రెండో పనిలో జీతం అంకె అదే. అయినా లైను పనికంటే ఎక్కువ గంటలు చేసి తక్కువ డబ్బు తెచ్చుకుంటారు. తేడా అంతా పని గంటలలోనూ, సెలవులలోనూ ఉంది. ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడు చాలామంది అడగని విషయాలు ఈ రెండే.

తగ్గే డబ్బు గురించి ఇంట్లో ముందే మాట్లాడండి. అప్పు వాయిదా, పిల్లల ఫీజు, ఇంటి అద్దె ఒక కాగితం మీద రాయండి. నెలకు ఆ రూ. 3,240 ఎక్కడ సర్దుకోవచ్చో అందరూ కలిసి చూడండి. ఆ మాట తేలకుండా పని మారితే రెండో నెలలోనే ఇంట్లో గొడవ మొదలవుతుంది.

4. లైసెన్సు, చదువు, చట్టం

లైసెన్సు: భారీ వాహన లైసెన్సు ఉన్నవారికి లోకల్ లారీకి వేరే లైసెన్సు అవసరం లేదు. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని చిన్న సరుకు బండిని తేలిక వాహన లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. రవాణా వాహనాల లైసెన్సును అయిదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. అప్పుడు వైద్యుని ధ్రువపత్రం కావాలి. గడువు దాటిన లైసెన్సుతో ఒక్క రోజు కూడా బండి ఎక్కకండి.

ట్యాంకరు పని: ప్రమాదకర సరుకు తోలేవారు మూడు రోజుల శిక్షణ పొంది, లైసెన్సు మీద ఆ విషయం రాయించుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. ఆ సవరణ ప్రకారం దీని గడువు మూడేళ్లు. తరువాత ఒక రోజు పునశ్చరణ శిక్షణతో పొడిగించుకోవచ్చు.

చదువు: రవాణా వాహన లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉండాలన్న నియమాన్ని 2019లో తొలగించారు. కాబట్టి చదువు లేదని లైసెన్సు ఆగదు. అయితే నెలజీతం ఇచ్చే చాలా కంపెనీలు, ప్రభుత్వ శాఖలు డ్రైవరు ఉద్యోగానికి పదో తరగతి అడుగుతాయి. సార్వత్రిక పాఠశాల ద్వారా మీరు చదువుతున్న చదువు అక్కడ పనికి వస్తుంది.

పని గంటలు: 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. దూర ప్రయాణాలకు కొన్ని షరతులతో రోజుకు 10 గంటల వరకు సడలింపు ఇచ్చింది. వారానికి ఒక రోజు సెలవు ఉండాలని కూడా చెప్పింది. 2025 నవంబరు 21న దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. రోజుకు 8 గంటల పరిమితి ఇందులోనూ ఉంది. అదనపు గంటలకు రెట్టింపు కూలి చెల్లించాలి. 'లోకల్లో 12 గంటలు మామూలే' అని ఎవరైనా అంటే, అది వాడుక మాత్రమే, చట్టం కాదు అని గుర్తుంచుకోండి.

అధిక బరువు: 2018 జూలైలో పెంచిన పరిమితి ప్రకారం పది టైర్ల లారీ బండితో సహా 28.5 టన్నులు మించకూడదు. పరిమితి దాటితే 2019 సవరణ ప్రకారం రూ. 20,000 జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రూ. 2,000. వేయించిన యజమానితో పాటు నడిపిన డ్రైవరు కూడా దోషే అవుతాడు.

పాఠగత ప్రశ్నలు – 2

3. ఒక పనిలో నెలకు రూ. 18,000 జీతం. 25 రోజులు, రోజుకు 9 గంటలు. రోజు ఖర్చు రూ. 90. గంటకు ఎంత మిగులుతుంది?
4. అధిక లోడు కేసులో డ్రైవరుకు బాధ్యత ఉంటుందా?

5. పాత పని మానే ముందు, కొత్త పనిలో చేరే ముందు

పాత యజమాని దగ్గర:

- తీసుకున్న అడ్వాన్సు ఎంత, తీరింది ఎంత అని లెక్క తేల్చుకోండి. తీరినట్లు కాగితం రాయించుకోండి.
- ట్రిప్పుల లెక్క, రావలసిన బత్తా పూర్తిగా తీసుకోండి.
- ఎన్నేళ్లు పనిచేశారో తెలిపే అనుభవ పత్రం అడగండి.
- మంచిగా చెప్పి మానండి. లారీ రంగంలో ఒకరి మాట ఇంకొకరికి త్వరగా చేరుతుంది.

కొత్త యజమానిని అడగవలసినవి:

- బండి తాళం ఎన్ని గంటలకు తీసుకోవాలి? ఎన్ని గంటలకు తిరిగి ఇవ్వాలి?
- వారపు సెలవు ఏ రోజు? ఆ రోజు పని చేస్తే ఎంత ఇస్తారు?
- జీతం నెలకా, ట్రిప్పుకా? పని లేని రోజున ఏమిస్తారు?
- హమాలీలు ఉంటారా? సరుకు దించడం ఎవరి పని?
- పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? సాధారణంగా 20 మంది పనిచేసే సంస్థకు పీఎఫ్, 10 మంది పనిచేసే సంస్థకు ఈఎస్ఐ వర్తిస్తాయి.
- బండి బీమా, ఫిట్‌నెస్ ఎప్పటి వరకు ఉన్నాయి? చెప్పింది వినడమే కాదు, కాగితాలు చూడండి.
- నియామక పత్రం ఇస్తారా?

హామీగా పెట్టుకుంటామని అసలు లైసెన్సు అడిగితే ఇవ్వకండి. నకలు ఇస్తే చాలు. పీఎఫ్ లేని చిన్న యజమాని దగ్గర చేరితే ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోండి. 2021 ఆగస్టులో మొదలైన ఈ నమోదు అసంఘటిత కార్మికుల కోసం ఏర్పాటు చేసినది.

వీలైతే లైను పని పూర్తిగా మానకముందే, ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో తెలిసిన లోకల్ డ్రైవరు పక్కన కూర్చుని ఒక రోజు తిరిగి రండి. ఎన్నిసార్లు ఆగారు, ఎంతసేపు కాచుకున్నారు, ఎన్ని గంటలకు ఇల్లు చేరారు అని రాసుకోండి. ఆ ఒక్క రోజు చూసినదానితో యజమాని చెప్పిన మాటను సరిచూసుకోవచ్చు.

మీరు ఏమి నేర్చుకున్నారు?

లోకల్ పనిలో కష్టం పోదు, దాని రూపం మారుతుంది. లోకల్ పనులన్నీ ఒకటి కావు. జీతం అంకె కంటే చేతికి మిగిలేది, దానికి పట్టే గంటలు ముఖ్యం. పని గంటలు, సెలవు, సరుకు దించే బాధ్యత ముందే తేల్చుకున్నవారికే ఇంటికి దగ్గరగా ఉన్నందుకు ఫలితం దక్కుతుంది. అవి తేల్చుకోనివారు ఊళ్లోనే ఉంటారు గాని ఇంట్లో ఉండరు.

చేయవలసిన పని

మీ ఇంట్లో లేదా వీధిలో ఉన్న ఒక డ్రైవరుతో మాట్లాడండి. మూడో భాగంలో చూపిన విధంగా ఆయన గత నెల లెక్క వేయండి. మీరు రాసింది ఆయనకు చదివి వినిపించండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. నిద్ర.
2. రైలు వచ్చినప్పుడే పని ఉంటుంది. వచ్చాక నిర్ణీత సమయంలో దించాలి కాబట్టి ఎడతెగకుండా ఉంటుంది.
3. ఖర్చు రూ. 2,250. మిగిలేది రూ. 15,750. మొత్తం 225 గంటలు. గంటకు రూ. 70.
4. ఉంటుంది. యజమానితో పాటు డ్రైవరు కూడా బాధ్యుడే.