మీకు తెలుసా? బొమ్మ రైళ్ల గదిలో పుట్టిన హ్యాకర్లు

‘హ్యాకర్’ అనగానే ఇప్పుడు ఖాతాలు ఖాళీ చేసే దొంగే గుర్తొస్తాడు. కానీ ఆ మాటను సాంకేతిక పనితనానికి బిరుదులా వాడింది అమెరికాలోని ఎంఐటీ విద్యార్థుల మోడల్ రైల్వే క్లబ్బు! 1946లో మొదలైన ఆ క్లబ్బులో కొందరు పెట్టెలకు రంగులేసి, కొండలూ ఊళ్లూ అమర్చేవారు. మరికొందరికి బల్ల కింది వైర్లే లోకం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రిలేలతో పట్టాలను నియంత్రించేవారు. డయల్ తిప్పితే రైలు మాట వినేది! తర్వాత ఆ పని కంప్యూటర్లకు అప్పగించారు. అసలుకు 87వ వంతున్న ఆ బుల్లి ఊళ్లో ఎంఐటీ గ్రీన్ బిల్డింగ్ నమూనా కూడా ఉంది. దాని కిటికీ దీపాలతో టెట్రిస్ ఆడొచ్చు. రైలు ఆలస్యమైనా ఎవరూ విసుక్కోరేమో!