నూరు చీటీల్లో ‘నేను’

1935లో విలియం స్టీఫెన్‌సన్ అనే ఆంగ్లేయుడు ‘నేచర్’ పత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. ఆయన భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, తర్వాత లండన్‌లో ఛార్లెస్ స్పియర్‌మన్ దగ్గర మనస్తత్వశాస్త్రంలో కుదురుకున్నాడు. అప్పట్లో ఎంతోమందికి పరీక్షలు పెట్టి, ఒక పరీక్ష మార్కులకూ మరో పరీక్ష మార్కులకూ ఎంత పొంతన ఉందో లెక్కకట్టేవారు. ఆ మార్కుల పట్టికనే అడ్డంగా తిప్పి, మనిషికీ మనిషికీ మధ్య పొంతన ఎందుకు చూడకూడదని స్టీఫెన్‌సన్ అడిగాడు. క్యూ-సార్ట్ పుట్టింది ఈ ఆలోచనలోంచే.

పనిముట్టు చూస్తే నూరు చీటీలు, అంతే. ఒక్కోదాని మీద ‘నేను కష్టపడి పనిచేస్తాను’, ‘నా మనసును నేనే నమ్మలేను’ వంటి వాక్యం ఒకటి ఉంటుంది. తనకు బొత్తిగా నప్పనిది ఒక కొసన, అచ్చంగా నప్పేది మరో కొసన వచ్చేలా వాటిని తొమ్మిది కట్టలుగా పేర్చాలి. ఏ కట్టలో ఎన్ని ఉండాలో ముందే నిర్ణయమై ఉంటుంది: 1, 4, 11, 21, 26, 21, 11, 4, 1. అందువల్ల అన్నిటికీ ‘అవును’ అని తప్పించుకోవడం కుదరదు. ఒక చీటీని ముందుకు జరిపితే మరొకటి వెనక్కి పోవాల్సిందే.

1948లో స్టీఫెన్‌సన్ షికాగో విశ్వవిద్యాలయానికి వచ్చాడు. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ కౌన్సెలింగ్ కేంద్రం అప్పటికే అక్కడ నడుస్తోంది. చికిత్సలో మనిషి తనను చూసుకునే తీరు మారుతుందన్నది రోజర్స్ వాదం. దాన్ని అంకెల్లో చూపేందుకు బట్లర్, హేగ్ అనే పరిశోధకులు ఈ చీటీలను వాడారు. ఒకసారి ‘నేను ఎలా ఉన్నాను’ అని, మరోసారి ‘ఎలా ఉండాలనుకుంటున్నాను’ అని పేర్చమన్నారు. కొలబద్ద కూడా ఆ మనిషిదే అన్నమాట. రెండు పేర్పులకూ మధ్య సహసంబంధం చికిత్సకు ముందు సగటున -0.01, అంటే పొంతనే లేదు. చికిత్స ముగిశాక అది 0.34కి చేరింది. కొన్ని నెలల తర్వాత మళ్లీ చూస్తే 0.31. ఈ ఫలితాలు 1954లో పుస్తకంగా వెలువడ్డాయి.

చికిత్స లేకపోయినా కాలమే ఆ పని చేసి ఉండేదేమో? అది తేల్చడానికి కొందరిని మొదలుపెట్టే ముందు 60 రోజులు ఆగమన్నారు. ఆ వ్యవధిలో వారి సగటు కదలలేదు. ఫలితానికి బలం ఇచ్చింది చీటీలకన్నా ఈ నిరీక్షణే.

అయినా ఒక సందేహం మిగిలింది. వచ్చేటప్పుడు బాధను పెద్దది చేసి చెప్పడం, వెళ్లేటప్పుడు మర్యాదకు ‘బాగున్నాను’ అనడం రోగులకు సహజమేనని హాథవే అనే మనస్తత్వవేత్త 1948లోనే హెచ్చరించాడు. పైగా తన లోపాలను తననుంచే దాచుకునే మనిషి చీటీలకు కూడా చక్కగా పొంతన కుదరవచ్చు. అందుకే రోజర్స్ బృందం ఇతర పరీక్షలనూ, స్నేహితుల అభిప్రాయాలనూ జత చేసింది.

గుంపు సగటు పెరిగినంత మాత్రాన ఫలానా రోగి మారాడని చెప్పలేం. 1991లో జేకబ్‌సన్, ట్రూయాక్స్ అనే పరిశోధకులు దీనికి ఒక సూత్రం ఇచ్చారు: రోగి మార్కుల్లో వచ్చిన తేడాను, ఆ తేడాకున్న ప్రామాణిక దోషంతో భాగించాలి. ఫలితం 1.96 దాటితే, అది కొలత పొరపాటు వల్లనే వచ్చిందనుకోవడం కష్టం. ఇప్పుడు అనేక పరిశోధనలు ఈ గీటునే పెడుతున్నాయి. ‘మారాను’ అన్న రోగి మాట విలువైన సాక్ష్యమే. కానీ దాన్ని చికిత్స ఫలితమనాలంటే ఆగి చూసిన కాలం, బయటివారి చూపు, కొలతలోని దోషపు లెక్క కూడా పక్కన ఉండాలి.